సెమ్ పరీక్ష ముందు రోజు నైట్ అవుట్ కొట్టాలా, పడుకోవాలా?

మెకానికల్_మూడో_ఏడు:
మాది జేఎన్‌టీయూ హైదరాబాద్ కింద ఉన్న కాలేజీ, ఆర్22 రెగ్యులేషన్ (2022లో చేరిన బ్యాచ్ నుంచి వచ్చిన సిలబస్, పరీక్షల రూల్స్), పేపరుకీ పేపరుకీ మధ్య ఒక్క రోజు గ్యాప్. మా హాస్టల్ రూములో రెండు పార్టీలయ్యాయి. ఆ రాత్రంతా మేలుకుని ఐదు యూనిట్లూ తిరగేయాల్సిందేనని ఒక పార్టీ, వచ్చినంత చదివి పదకొండింటికల్లా లైటు ఆపేద్దామని ఇంకో పార్టీ. అసలే పరీక్షల టెన్షన్, దానికి తోడు రోజూ ఈ లైటు గొడవ. మీరేమంటారు?

నైట్_బ్యాచ్:
కొట్టాల్సిందే బ్రో. సెమ్ మొత్తం మిడ్స్, రికార్డులు, ల్యాబులు అంటూ పరిగెత్తిస్తారు, ఆఖరి రెండు యూనిట్లు వారంలో లాగించేసి సిలబస్ అయిపోయిందంటారు. పగలు చదువుదామంటే రూములో ఫోన్లు, కబుర్లు. పన్నెండు దాటాకే కారిడార్ సద్దుమణుగుతుంది, అప్పుడే ఏదైనా బుర్రకెక్కేది. ఆల్ ఇన్ వన్ గైడు పట్టుకుని తెల్లవార్లూ కూర్చుంటే హాల్లోకి వెళ్లేసరికి అంతా ఫ్రెష్‌గా ఉంటుంది.

ఈఈఈ_సీనియర్:
తమ్ముడూ, ఫ్రెష్‌గా ఉన్నట్టు అనిపిస్తుంది అంతే. థియరీ పేపరైతే ఎలాగో నెట్టుకొస్తావు గానీ ప్రాబ్లమ్ పేపర్లో దొరికిపోతావు. కంట్రోల్ సిస్టమ్స్‌లో, సిస్టమ్ స్టేబులా కాదా తేల్చే రూత్ టేబులే తీసుకో, అడ్డంగా గుణించి, తీసేసి, భాగించి ఒక్కో అంకె దించుకుంటూ పోవాలి, మొదటి నిలువు వరుసలో ఒక్క మైనస్ వదిలేశావా, అన్‌స్టేబుల్ సిస్టమ్‌ని స్టేబుల్ అని రాసి వస్తావు. నిద్రలేని బుర్రకి పద్ధతి గుర్తుంటుంది, మైనస్ గుర్తే జారిపోతుంది. పైగా చదివింది బుర్రలో కుదురుకోవాలంటే నిద్ర కావాలి, ఆ నిద్రే లేకపోతే చదివిన దాంట్లో సగం శ్రమ దండగ.

ఇక ఐదు యూనిట్ల సంగతి. ఆర్22లో ఎండ్ సెమ్ పేపర్ 60 మార్కులకి. పార్ట్ ఏ 10 మార్కులు, యూనిట్‌కి రెండేసి ఒక మార్కు ప్రశ్నలు. పార్ట్ బీ 50, యూనిట్‌కి పది, రెండు ప్రశ్నల్లో ఒకటి రాస్తే చాలు. గట్టెక్కాలంటే ఇందులో 21 రావాలి, కాలేజీలో వేసే ఇంటర్నల్స్ మార్కులు కలిపి 100కి 40 రావాలి. మూడు యూనిట్లు గట్టిగా వచ్చినవాడి చేతిలో 36 మార్కుల పేపరుంది. తెల్లవార్లూ ఐదూ పైపైన చూసినవాడికి ప్రతి ప్రశ్నా ఎక్కడో చూసినట్టే ఉంటుంది, ఒక్కటీ చివరిదాకా రాదు. పదికి తొమ్మిది గ్రేడ్ పాయింట్లు కావాలనుకునేవాళ్ల లెక్క వేరు, అది ఎలాగూ ఒక్క రాత్రిలో తేలే పని కాదు.

డే_స్కాలర్:
అక్కా, పదకొండింటికి పడుకోవడమన్నది హాస్టల్ వాళ్లకి కుదురుతుంది. గ్యాప్ రోజు మా ఇంట్లో ఎలా ఉంటుందంటే, అమ్మ షాపులో కూర్చుంటుంది, వంట నాది, సాయంత్రం తమ్ముడి హోంవర్కూ నాదే, మధ్యలో ఎవరైనా చుట్టాలొస్తే టీ పెట్టేదీ నేనే. రాత్రి తొమ్మిదిన్నర దాటితే గానీ పుస్తకం తెరవను. పొద్దున ఆరున్నరకి కాలేజీ బస్సు. మాలాంటివాళ్లు సరదాకి మేలుకోవట్లేదు.

ఈఈఈ_సీనియర్:
చెల్లీ, నువ్వు చెప్పింది చదివితే కోపమొచ్చింది, నీ మీద కాదు. పరీక్షలున్న ఆ రెండు మూడు వారాలైనా వంట నాన్నో తమ్ముడో చూసుకోవాలని గట్టిగా అడుగు, హాల్ టికెట్, టైమ్‌టేబుల్ ఫ్రిజ్ మీద అంటించి మరీ అడుగు. నీకున్నది మూడు గంటలే అయితే వాటిని చదవడానికి వాడకు, రాయడానికి వాడు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు సైకాలజిస్టులు కాలేజీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకంటే, ఒకసారి చదివి మూసేసి గుర్తున్నదంతా రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. చదివినవాళ్లు ముందున్నది ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులో మాత్రమే.

నైట్_బ్యాచ్:
అంటే నా మాటే నిజమైంది కదా! పరీక్ష రేపే, వారం తర్వాత కాదు. అప్పటికప్పుడు చదివిందే పనికొస్తుంది.

ఈఈఈ_సీనియర్:
రెండు రోజుల తర్వాత పెట్టిన టెస్టులోనూ రాసినవాళ్లదే పైచేయి. నువ్వు మూడింటికి చదివింది పదింటికి రాయాలి, మధ్యలో ఏడు గంటలున్నాయి, ఐదు నిమిషాలు కాదు.

పేపర్లు_దిద్దే_లెక్చరర్:
స్పాట్ వాల్యుయేషన్‌లో కూర్చునేవాడిగా ఒక్క మాట. మొదటి రెండు జవాబులు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, నాలుగో ప్రశ్నకి వచ్చేసరికి నంబరే తప్పు వేసి, సగంలో ఆపేసిన పేపర్లు చాలా కనిపిస్తాయి. నిద్రలేక అలా అయిందో, టైమ్ చాలకో నాకు తెలిసే దారి లేదు. కానీ రాత్రి ఒంటి గంటకి వాట్సాప్‌లో తిరిగే ‘ఈ పది ప్రశ్నలే వస్తాయి’ పీడీఎఫ్‌లని మాత్రం నమ్మొద్దు బాబూ, వాటి కోసం చదువుతున్న యూనిట్‌ని సగంలో వదిలేస్తారు.

సీఎస్ఈ_రెండో_ఏడు:
లైటు ఆపినా నిద్ర పట్టనివాళ్లేం చేయాలి సార్? కళ్లు మూస్తే చాలు, బ్యాక్‌లాగ్, అంటే ఫెయిలైన పేపర్ మిగిలి ఉంటే ప్లేస్‌మెంట్స్‌కి రానివ్వరన్న మాటే చెవుల్లో తిరుగుతుంది.

పేపర్లు_దిద్దే_లెక్చరర్:
ఒక సప్లీతో ఏదీ ఆగిపోదమ్మా, మళ్లీ రాసి క్లియర్ చేసుకున్నవాళ్లు ఉద్యోగాల్లో చేరడం నేను చూస్తూనే ఉన్నాను. ఈ రాత్రికి పుస్తకం మూసి రూమ్మేట్‌తో మాట్లాడు. రోజుల తరబడి ఇలాగే ఉంటే 14416కి ఫోన్ చేయి, అది టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, డబ్బులేం కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

నైట్_బ్యాచ్:
సరే అక్కా, పూర్తిగా మానలేను. ఒంటి గంటకి ఆపేస్తే?

ఈఈఈ_సీనియర్:
ఆపు, కానీ పదకొండు తర్వాత కొత్త యూనిట్ తెరవకు, వచ్చినవే చూడకుండా రాసుకో. టీ తొమ్మిదికే ఆఖరు. ఆ రెండు గంటలూ మీ రూములో లైటు వేయకుండా రీడింగ్ రూముకి వెళ్లు, పక్కవాణ్ని పడుకోనివ్వు.

మెకానికల్_మూడో_ఏడు:
మా హాస్టల్లో రీడింగ్ రూముకి పదిన్నరకే తాళం వేస్తారు. రేపు వార్డెన్ సార్‌ని అడుగుతాం, పరీక్షలయ్యేదాకా ఒంటి గంట వరకు తెరిచి ఉంచమని. రెండు పార్టీలూ సంతకాలు పెట్టాయి.