గ్రిడ్ మీద ఆరినాక ఫిల్మ్ ముడతలు పడతా ఉండాది, ఏం చెయ్యాలన్నా?

ప్రశ్న: తిరుపతిలో ఎమ్మెస్సీ ప్రాజెక్ట్ చేస్తా ఉండానన్నా. రాగి రేకు మీద పెంచిన గ్రాఫీన్‌కి (ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర) ఆసరాగా పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ పూత పూసి, రాగిని కరిగించేసి, నీళ్ళమీద తేలే ఫిల్మ్‌ని గ్రిడ్‌తో (సన్న రంధ్రాలుండే జల్లెడ లాంటి చిన్న బిళ్ళ) కిందనుంచి ఎత్తుతా ఉండా. నీళ్ళమీద నున్నగానే ఉంటాది, ఆరినాక మైక్రోస్కోప్‌లో చూస్తే ముడతలే ముడతలు, కొన్ని రంధ్రాల మీద చినిగిపోయి కూడా ఉంటాది. ఫిల్మ్‌దే తప్పా, నేను ఎత్తే తీరే సరిలేదా?

జవాబు 1: ముడతలు ఎటు పోతా ఉండాయో ఫస్ట్ చూడు తమ్ముడూ. వరసగా ఒకే దిక్కుకుంటే ఆ దిక్కులో ఫిల్మ్‌ని ఏదో లాగతా ఉందని. కూరగాయల కవరు పట్టీగా కత్తిరించి రెండు కొసలూ పట్టుకోని లాగి చూడు, ముడతలు లాగినవైపే పడతాయి, ఎందుకంటే పొడుగు సాగితే అడ్డం తగ్గాల, కొసల్లో నీ చేతులు తగ్గనియ్యవు, దాంతో మధ్యలో అడ్డంగా నొక్కుడు పుడతాది. పల్చటిది నొక్కుడుకి ఆగదు, వంగిపోతాది. మందం సగమైతే వంగకుండా ఆపే బిగువు ఎనిమిదో వంతుకి పడిపోతాది మరి. ముడతల మధ్య ఎడం మందం వర్గమూలాన్ని బట్టి ఉంటాదని 2003లో సెర్డా, మహదేవన్ అనే శాస్త్రవేత్తలు లెక్క కట్టినారు, అంటే ఫిల్మ్ పల్చనయ్యేకొద్దీ ముడతలు దగ్గరదగ్గరగా వస్తాయి.

ప్రశ్న: నావి అట్ల లేవన్నా, లావు మడతలు నాలుగైదు రంధ్రాలు దాటుకోని అడ్డదిడ్డంగా పోతా ఉండాయి.

జవాబు 2: అయితే అవి చాలావరకు అడుగున నీళ్ళు ఇరుక్కోని ఆరినవే. గ్రిడ్‌ని అడ్డంగా ఎత్తొద్దు, ఏటవాలుగా ఎత్తి నీళ్ళు ఒకపక్కకి జారనియ్యి. ఈ కార్తీక వానలకి గాలంతా తేమ, తొందరపడి వేడి పెట్టొద్దు, నిదానంగా ఆరనిచ్చి ఆ తర్వాతనే 130 డిగ్రీల దగ్గర కాసేపు పెట్టు, పీఎంఎంఏ మెత్తబడి గ్రిడ్‌కి అంటుకుంటాది. సన్న ముడతలు కొన్ని పెంచేటప్పుడే వచ్చుంటాయి, 1000 డిగ్రీల నుంచి చల్లారితే రాగి ముడుచుకుంటాది, గ్రాఫీన్ ముడుచుకోదు, మిగిలిన జాగా ముడతగా లేస్తాది. వాటితో కుస్తీ పట్టడం వేస్ట్.

చినిగేది వేరే కథ. ఎసిటోన్ అనే ద్రావకంతో పీఎంఎంఏని కరిగించి తీసినాక ఆరేటప్పుడు ద్రవం అంచే ఫిల్మ్‌ని లాగి చించుతాది. ఆరబెట్టేముందు చివర్లో ఐసోప్రొపనాల్ అనే ఆల్కహాల్‌లోకి మార్చు, దాని తలతన్యత (ద్రవం పైపొర లాగే బిగువు) నీళ్ళకి మూడోవంతు కూడా ఉండదు.

ప్రశ్న: అంతా చేస్తే పూర్తిగా చదునుగా వస్తాదా అక్కా?

జవాబు 2: రాదు. ఏ ఆధారం లేకుండా వేలాడే గ్రాఫీన్‌లో కూడా ఒక నానోమీటరు ఎత్తు అలలుంటాయని 2007లోనే చూసినారు. అవి నీ మైక్రోస్కోప్‌కి కనపడవులే, లావు మడతలు పోతే చాలు.