చెరువుకు ‘ట్యాంక్’ అనే పేరు ఎక్కడిది?

మిద్దె మీది ప్లాస్టిక్ డబ్బాకూ, నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడ రాజుల కాలం నుంచి నీళ్లు నిలుపుతున్న ఉదయసముద్రం చెరువుకీ ఇంగ్లీషులో ‘ట్యాంక్’ అనే ఒకే పేరు ఎలా కుదిరిందని మిత్రులొకరు అడిగారు. తూము, అలుగు, శిఖం, ఆయకట్టు ఉన్న చెరువును డబ్బాతో కలిపి చెప్పడం వారికి బాధ కలిగించింది. అయితే ఇక్కడ చెరువు అర్థమే ముందుది, డబ్బా అర్థం తరువాతది.

17వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషులోకి చేరినప్పుడు, భారతదేశంలో వాననీటిని పట్టి ఉంచే కొలనుకూ చెరువుకూ అది పేరు. గుజరాతీ, మరాఠీ భాషల్లో నీటి తొట్టిని, నేలలో తొలిచిన నీటి గుంటను చెప్పే ‘టాంకు’, ‘టాకే’ వంటి మాటలు దీనికి మూలమనీ, పారే నీటికి అడ్డుకట్ట వేయడమనే అర్థం నుంచి వచ్చిన పోర్చుగీసు ‘టాంకే’ దానితో కలిసిపోయిందనీ నిఘంటుకారులు చెబుతారు. కట్ట వేసి నీరు ఆపేదే చెరువు కనుక ఆ రెండో మూలం కూడా మన చెరువుకు చక్కగా అతుకుతుంది. ‘తటాకం’ నుంచే ట్యాంక్ పుట్టిందనే వాదన వినడానికి ఇంపుగా ఉన్నా, నడుమ అనునాసికం (ముక్కుతో పలికే ధ్వని) ఎలా వచ్చిందో చూపనిదే నేను ఒప్పుకోలేను. యుద్ధ ట్యాంకుది వేరే కథ: రహస్యం బయటపడకుండా బ్రిటన్‌లో దానిని నీటి తొట్టి అని చెప్పుకున్నారు, 1916 సెప్టెంబరు 15న సోమ్ యుద్ధంలో అది తొలిసారి దిగింది.

ఉచ్చారణలో మూడు సంగతులు గమనించాలి. ఇంగ్లీషు ‘ట’కు నాలుక మన ‘ట’కు మడిచినట్టు వెనక్కి మడవకూడదు, పై పళ్ల వెనుక చిగురుకు తాకి, కొద్దిగా గాలి విడవాలి. రాతలో ‘ట్యా’ అంటున్నా అందులో యకారం లేదు. ‘మేక’ అన్నప్పుడు నోరు విచ్చుకునే ఆ అచ్చునే కురుచ చేసి పలికితే దాదాపు సరిపోతుంది. ‘లంక’లోని సున్న ఎలా పలుకుతుందో ఇక్కడి సున్న కూడా అలాగే పలుకుతుంది.

మన ఊళ్లలో ‘నీళ్ల టాంకి’ అనేవారు ట్యాంకును చెడగొట్టి పలకడం లేదు. ఆ చివరి ఇకారం ఇంగ్లీషుది కాదు, ఉర్దూ ‘టంకీ’ది. కనుక పిల్లలు ‘టాంకి’ అని రాస్తే తప్పని దిద్దవద్దని ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి.