బయాప్సీ కాగితాల్లో చూసుకోకుండా పెట్టిన నాలుగో సంతకం – తెలిసినవాళ్ళు చెప్పండి (చర్చ)

చంద్రగిరి_పద్మ · రాత్రి 9:12
అందరికీ నమస్తే. పోయిన నెల మా అమ్మకి (56 ఏళ్ళు) రొమ్ములో గడ్డ ఉందని తిరుపతిలో ఒక పెద్దాసుపత్రిలో బయాప్సీ చేశారు. పేరు అడగొద్దు, ఇంకా అక్కడే చూపిస్తున్నాం. ఆ రోజు పొద్దున కౌంటర్లో నాలుగు కాగితాలు ముందు పెట్టి "ఇక్కడ, ఇక్కడ, వెనకాల ఇంకోటి" అని వేలితో చూపిస్తే గబగబా నేనే సంతకాలు పెట్టేశాను. మొన్న ఫైలు సర్దుతుంటే తెలిసింది, నాలుగోది బయాప్సీ కాగితం కాదు. పరీక్షకి పోగా మిగిలిన ముక్కని ఏదో స్టడీకి వాడుకోవచ్చని ఇంగ్లీషులో ఉంది. ఒక్కరూ చెప్పలేదు.
ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకోవచ్చా? ఇంకోటి, బయట ల్యాబ్ వాళ్ళు రిపోర్టుని డబ్బు కట్టిన మా చిన్నాన్న కొడుకు నంబర్‌కి వాట్సాప్ చేశారు. రాత్రికల్లా బంధువుల గ్రూపులో తిరిగింది. దీన్ని ఎవరిని అడగాలి? వార్డులో ఎనిమిది మంది స్టూడెంట్లు మంచం చుట్టూ నిలబడి అందరి ముందూ అమ్మ కేసు చదివారు, వద్దనవచ్చా? కేస్ షీట్ జిరాక్స్ ఇస్తారా? క్యాన్సర్ అని అమ్మకి ఇంకా చెప్పలేదు, మామూలు గడ్డే అనుకుంటోంది.

పీలేరు_రమణ · రాత్రి 9:20
ల్యాబ్ సంగతి నన్నడగండక్కా. నాకు షుగర్ వచ్చింది నాకంటే ముందు మా వీధి టీ కొట్టుకి తెలిసింది. ల్యాబ్‌లో పనిచేసే పిల్లోడు మా పక్కింటోడే. పొద్దున్నే టీకి పోతే "ఏం రమణా, నీకు చక్కెర వేయనా వద్దా" అంటా ఉన్నారు. అప్పుడు నాకు సంబంధాలు చూస్తా ఉన్నారు. రెండు పోయినాయి. అడిగితే "ఊరికే అన్నాన్లే" అన్నాడు వాడు. నేను చెప్పేది ఒకటే, రిజిస్టర్‌లో ఫోన్ నంబర్ మీ చేత్తో మీరే రాయండి. డబ్బు కట్టినోడి నంబర్ వాళ్ళే ఎక్కించేస్తారు.

అలిపిరి_నడక · రాత్రి 9:24
వేలూరు తీసుకెళ్ళండి.

కాణిపాకం_కుర్రోడు · రాత్రి 9:26
ప్రతిదానికీ వేలూరేనా అన్నా? జలుబుకి కూడా వేలూరే మీకు. ఆమె అడిగింది సంతకం గురించి.

చిత్తూరు_లాయర్ · రాత్రి 9:38
22 ఏళ్ళుగా చిత్తూరు కోర్టులో ఉన్నాను, ఇలాంటి కేసులు చూశాను కాబట్టి చెప్తున్నాను. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం రోగి గానీ, రోగి తరఫు వాళ్ళు గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్ళు దాచాలి. రాతపూర్వకంగా అడగండి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఇక సంతకం అంటారా, మీరు కన్నకూతురు, మీ సంతకం చెల్లుతుంది. ఆపరేషన్‌కి భర్త గానీ భార్య గానీ సంతకం చేయాలని ఆ నిబంధనల్లోనే ఉంది. వెనక్కి తీసుకోవడం లాంటివి సినిమాల్లో బాగుంటాయి.

నైట్_డ్యూటీ_పీజీ · రాత్రి 9:51
లాయర్ గారూ, ఆ వాక్యం చివరిదాకా చదవండి సార్. మైనర్ అయితే అమ్మానాన్న, లేదంటే సందర్భాన్ని బట్టి రోగి స్వయంగా అని కూడా ఉంది. పైగా 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లి కేసులో తేల్చేసింది. 44 ఏళ్ళ ఆవిడ, లాపరోస్కోపీతో, అంటే పొట్టలోకి సన్న కెమెరా పంపి చూడటానికి మాత్రమే ఒప్పుకుంది. మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచి తీసేశారు. ప్రాణం మీదికి వస్తే తప్ప, స్పృహ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లి సంతకం చెల్లదు అన్నారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి కూడా భర్త సంతకం అక్కర్లేదు.
పద్మ గారూ, నేను ఆసుపత్రిలో పీజీ చదువుతున్న డాక్టర్నే, ఏ కాలేజో చెప్పను. కోపం తెచ్చుకోకండి, కానీ చదవకుండా సంతకం పెట్టింది మీరు. ఒక ఓపీలో ఎంతమందిని చూస్తామో మీకు తెలియదు. ప్రతి ఒక్కరికీ కూర్చోబెట్టి చదివి వినిపించడం కుదరదు.

చిత్తూరు_లాయర్ · రాత్రి 9:55
ఆ తీర్పు నాకు నేర్పుతున్నారా? మీరు పుట్టకముందు నుంచి నల్లకోటు వేస్తున్నా.

నైట్_డ్యూటీ_పీజీ · రాత్రి 9:56
2008కి నేను ఏడో తరగతి సార్. పుట్టే ఉన్నాను.

రిటైర్డ్_సిస్టర్ · రాత్రి 10:17
బాబూ పీజీ, చదవలేదు అంటున్నావు. చదవడానికి ఇచ్చారా? 31 ఏళ్ళు ప్రభుత్వాసుపత్రుల్లో డ్యూటీ చేశాను, ఆ కాగితాలు ఎలా నింపుతారో నాకు తెలుసు. నేనూ నింపినదాన్నే.
ఒక రాత్రి రెండు గంటలప్పుడు శ్రీకాళహస్తి దాటి పల్లె నుంచి సిజేరియన్ కేసు వచ్చింది. మొగుడికి చదువు రాదు. స్టాంప్ ప్యాడ్ ఎండిపోయి ఉంటే దాని మీద రెండు చుక్కలు స్పిరిట్ వేసి, ఆయన బొటనవేలు పట్టుకుని నేనే అద్దాను. "ఏం రాసిండాది తల్లీ?" అన్నాడు. "ఆపరేషన్‌కి నైనా, కానీ" అన్నాను, అంతే. ఆ వేలు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక తలుపు పక్కన గోడకి తుడిచాడు. ఆ గోడంతా అవే ఊదారంగు చారలు. ఏటా సున్నం కొట్టేవాళ్ళు, దసరా నాటికి మళ్ళీ నిండిపోయేది. ఆ పిల్ల స్పృహలోనే ఉంది, నన్నే చూస్తోంది. ఆమెని అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.
స్టూడెంట్ల సంగతి: వద్దు అనవచ్చు. ఏమీ అనరు. అనడం భయమైతే తెర లాగమని అడుగు తల్లీ.

పీలేరు_రమణ · రాత్రి 10:25
సిస్టర్ గారూ, మీరు మంచిగా రాస్తారు. మా ల్యాబ్ పిల్లోడి గురించి కూడా ఏమైనా చెప్పండి.

పుత్తూరు_మురళి · రాత్రి 10:33
ఇన్ని కాగితాలెందుకు అసలు? ఎముక విరిగితే కట్టే మా పుత్తూరు కట్టుకి సంతకం లేదు గింతకం లేదు. కోడిగుడ్డు తెల్లసొన, ఆకుపసరు, వెదురు బద్దలు. కాలు లాగి కట్టేసి ఎప్పుడు రావాలో చెప్పి పంపిస్తారు. ఎక్కడెక్కడి నుంచో వస్తారు జనం.

కాణిపాకం_కుర్రోడు · రాత్రి 10:37
మా మామకి మోచేయి వంకరగా అతుక్కుంది. ఎవరినడగాలి? కాగితమే లేదు కదా.

పుత్తూరు_మురళి · రాత్రి 10:38
మీ మామ రెండో కట్టుకి పోయుండడు. మానేసి మమ్మల్నంటే ఎట్లా.

కాణిపాకం_కుర్రోడు · రాత్రి 10:40
పోయినాడు. నేనే బండి మీద తీసుకెళ్ళా. ఇరవైమంది చూస్తుండగా చెయ్యి లాగితే కేకలు పెట్టినాడు. ప్రైవసీ యాడుంది అక్కడ?

పుత్తూరు_మురళి · రాత్రి 10:41
ముందోడు లేచి నడిచిపోతుంటే చూసే వెనకోడికి ధైర్యం వస్తాది. ఆస్పత్రిలో తెర వెనక ఏం జరుగుతాదో యముడికే తెలుసు.

మోడరేటర్ · రాత్రి 10:50
పుత్తూరు కట్టుకి వేరే చర్చ ఉంది. ఇద్దరూ అక్కడికి వెళ్ళండి. పద్మ గారి నాలుగో కాగితానికి ఇంకా ఎవరూ సూటిగా జవాబు చెప్పలేదు.

గూడెం_టీచర్ · రాత్రి 11:04
నేను భద్రాచలం వైపు హాస్టల్లో పనిచేసి బదిలీ మీద చిత్తూరు వచ్చాను. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు, ఒక అమెరికా సంస్థ ప్రాజెక్టు. వాళ్ళలో చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. తల్లిదండ్రులు అడవిలో ఎక్కడో ఉంటారు. రెండు వేలకు పైగా ఫారాల మీద వార్డెన్లే సంతకాలు పెట్టారు. పిల్లలు చనిపోయారు. మీరు ఒక్క కాగితానికి బాధపడుతున్నారు.

నైట్_డ్యూటీ_పీజీ · రాత్రి 11:12
టీచర్ గారూ, చనిపోయిన మాట నిజం. టీకా వల్ల కాదని విచారణలో తేలింది. దయచేసి ఈ రెండూ కలపకండి, కలిపితే రేపు మంచి టీకా కూడా వేయించుకోరు.

గూడెం_టీచర్ · రాత్రి 11:15
అంటే సంతకాలు సరిగ్గానే ఉన్నాయంటారా?

నైట్_డ్యూటీ_పీజీ · రాత్రి 11:23
అనలేదు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఆ సంతకాల మీదే గట్టిగా తప్పుపట్టింది. తప్పు టీకాలో లేదు, అడిగిన తీరులో ఉంది. అదే చెప్తున్నా.

గూడెం_టీచర్ · రాత్రి 11:25
మరి పద్మ గారిని "చదవకుండా పెట్టింది మీరే" అన్నదెవరు?

రిటైర్డ్_సిస్టర్ · రాత్రి 11:26
అదీ అడుగు తల్లీ.

నైట్_డ్యూటీ_పీజీ · రాత్రి 11:48
సరే, ఆ మాట తప్పే. నాలుగో కాగితం గురించి చెప్తా. పరిశోధన కాగితం వైద్యం కాగితంతో కలిపి ఇవ్వకూడదు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రోగికి అర్థమయ్యే భాషలో వివరాల పత్రం ఇవ్వాలి, చదువు రానివాళ్ళకి బయటి సాక్షి ఉండాలి. ఎప్పుడైనా మానుకోవచ్చు, మానుకుంటే వైద్యంలో తేడా చేయకూడదు. కాగితం కింద చూడండి, పరిశోధన సరైన పద్ధతిలో జరుగుతోందా అని చూసే ఎథిక్స్ కమిటీ మెంబర్ సెక్రటరీ నంబర్ ఉండాలి. ఒక లెటర్ రాస్తే చాలు. అయితే ముక్క మీద పేరు, నంబర్ అన్నీ తీసేసి కలిపేసి ఉంటే అది ఎవరిదో వాళ్ళకే తెలియదు, వెనక్కి రాదు. అలా పేరు తీసేసిన మిగులు ముక్కలకి కమిటీ ఒప్పుకుంటే రోగిని అడగకుండా కూడా వాడవచ్చు. అది చాలామందికి తెలియదు.
ఒక మాట అడుగుతా, తిట్టుకోండి. మీ అమ్మగారు చదువుకున్నారా? స్పృహలో ఉన్నారు కదా? మరి నాలుగు కాగితాల్లో ఒక్కదాని మీదైనా ఆమె సంతకం ఎందుకు లేదు?

కాణిపాకం_కుర్రోడు · రాత్రి 11:52
అబ్బా. పాయింటే.

చంద్రగిరి_పద్మ · రాత్రి 11:59
పదో తరగతి వరకు చదివింది. రోజూ పేపర్ చదువుతుంది. ఆ రోజు వీల్‌చైర్‌లో నా వెనకే కూర్చుని ఉంది. కౌంటర్ వాళ్ళు నన్నే అడిగారు, నేనే పెట్టాను. టెన్షన్ పడుతుందని.

పీలేరు_రమణ · రాత్రి 12:03
మీ బంధువుల గ్రూపులో ఎంతమందక్కా?

చంద్రగిరి_పద్మ · రాత్రి 12:04
43.

అలిపిరి_నడక · పొద్దున 5:40
అంతమందికి తెలుసు, ఆమెకి తప్ప. నేను వేలూరు అన్నందుకు నవ్వారు గానీ, మా నాన్నకి మేమూ చెప్పలేదండీ. నాలుగు నెలలు అబద్ధాలు ఆడాం. బ్యాంకు పని, పొలం పని ఏదీ ఆయన చెప్పకుండానే పోయాడు. ఇప్పటికీ ఆ పొలం దగ్గర మా అన్నదమ్ములం మాట్లాడుకోం.

చిత్తూరు_లాయర్ · పొద్దున 6:15
పొలం విషయం నాకు ప్రైవేట్‌గా మెసేజ్ పెట్టండి.
రాత్రి కొంచెం ఎక్కువగా మాట్లాడాను. పీజీ గారు చెప్పిన తీర్పు సరైనదే. కానీ గోప్యత అన్నది అన్నిసార్లూ గెలవదు. 1998లో సుప్రీంకోర్టే ఒక హెచ్ఐవీ కేసులో, పెళ్ళి చేసుకోబోయే అమ్మాయికి తెలియడం తప్పు కాదంది.

రిటైర్డ్_సిస్టర్ · పొద్దున 6:40
దాని తర్వాత 2017లో హెచ్ఐవీకి ప్రత్యేకంగా చట్టం వచ్చింది లాయర్ గారూ, 2018 సెప్టెంబర్ నుంచి అమలు. అడగకుండా పరీక్ష చేయకూడదు, చెప్పకూడదు. భాగస్వామికి చెప్పాలన్నా దానికో పద్ధతి పెట్టారు. మా రోజుల్లో మంచానికి ఎర్ర స్టిక్కర్ అంటించేవాళ్ళం. పక్క మంచం వాళ్ళు అది చూసి చాప ఎత్తుకుని వరండాలోకి పోయేవాళ్ళు.

(ఆరు రోజుల తర్వాత)

చంద్రగిరి_పద్మ · సాయంత్రం 7:30
అందరికీ థ్యాంక్స్. కేస్ షీట్‌కి రికార్డ్ సెక్షన్‌కి వెళ్తే అప్లికేషన్ మీద పేషెంట్ సంతకం ఉండాలన్నారు. అబద్ధం చెప్పి పెట్టించుకోవడానికి చెయ్యి రాలేదు. ఆసుపత్రి క్యాంటీన్లో కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ ఏడవలేదు. మొదట అడిగింది "మీ చిన్నాన్న వాళ్ళకి ఎప్పుడు తెలిసింది?" అని. చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.
నాలుగో కాగితానికి కమిటీ నంబర్‌కి ఫోన్ చేశాను. రమ్మన్నారు. తెలుగు పత్రం ఉంది, అదే కౌంటర్లో, అదే సొరుగులో. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండు పేజీలూ చదివింది. నా పేరు ఎక్కడైనా వస్తుందా, దీన్ని ఎవరైనా అమ్ముకుంటారా అని డాక్టర్ గారిని అడిగింది. ఆయన కూర్చుని చెప్పారు, పది నిమిషాలు. నా సంతకం కొట్టేయించి, కింద తనే పెట్టింది. ముక్క ఇస్తానంది. నేనేమో మానుకునే లెటర్ టైప్ చేయించుకుని వెళ్ళాను, బ్యాగులోనే ఉండిపోయింది.
వచ్చే వారం కీమో మొదలు. ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని చదువుతోంది, అర్థం కాని చోట పెన్సిల్‌తో గీత పెడుతోంది.

పీలేరు_రమణ · సాయంత్రం 7:41
అమ్మకి నమస్కారాలు చెప్పక్కా. ల్యాబోడు ఏమన్నాడు?

చంద్రగిరి_పద్మ · సాయంత్రం 7:44
నంబర్ మార్చాడు. సారీ చెప్పలేదు. "ఎవరు డబ్బు కడితే వాళ్ళకే పంపుతాం మేడమ్, సిస్టమ్ అంతే" అన్నాడు.