కాస్మిక్ ఇన్‌ఫ్లేషన్‌ని ‘ద్రవ్యోల్బణం’ అనొచ్చా?

కావలిలో ఒక బడి సైన్సు ప్రదర్శనకి వెళ్తే, ఒక చార్టు మీద ‘విశ్వ ద్రవ్యోల్బణం’ అని కనిపించింది. దాని కింద పోతన గారి ‘ఇంతింతై వటుడింతయై’. పిల్లలు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు. కానీ ఆ రెండూ అక్కడ నప్పవని నా అభిప్రాయం.

ద్రవ్యోల్బణంలోని ద్రవ్యం డబ్బు. సైన్సు చదివే పిల్లలైతే పదార్థం అనుకుంటారు, అది ఇంకా ఇబ్బంది. ఉబ్బింది పదార్థం కాదు, చోటు. 1981లో భౌతిక శాస్త్రవేత్త అలన్ గూత్ ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం, విశ్వం మొదట్లో సెకనులో ఊహకందనంత చిన్న వంతులో చోటు విపరీతంగా సాగింది. కనీసం ఒకటి పక్కన 26 సున్నాలు పెడితే వచ్చేటన్ని రెట్లు అని లెక్క. ఆకాశంలో ఎటు చూసినా విశ్వం తొలినాటి వెలుగు ఉష్ణోగ్రత 2.7 కెల్విన్ దగ్గరే, లక్షలో ఒక వంతు తేడాతో ఎందుకుందో దీంతో తెలుస్తుంది. ఇప్పుడు ఎక్కడెక్కడో ఉన్న ఆ చోట్లన్నీ సాగకముందు పక్కపక్కనే ఉండి ఒకే వేడికి వచ్చాయన్నమాట.

ఇక పద్యం. అది నాకు ప్రాణం. అయితే వామనుడు మబ్బుల్నీ చంద్రుణ్ణీ ధ్రువుణ్ణీ దాటుకుంటూ పెరుగుతాడు. ఆయన పెరగడానికి చోటు ముందే ఉంది. ‘బ్రహ్మాండాంత సంవర్ధి’, అంటే బ్రహ్మాండం చివరిదాకా పెరిగినవాడు అన్నారు పోతన. ఇక్కడ పెరిగింది బ్రహ్మాండమే!

విస్తరణ అందామంటే, అది 1380 కోట్ల ఏళ్లుగా జరుగుతూనే ఉంది. ఆ మొదటి దశకి వేరే మాట కావాలి. ద్రవ్యం తీసేసి ‘ఉల్బణం’ అంటే చాలు. ఉల్బణం అంటే అధికం కావడమే కదా.

ఒంగోలు నుంచి ఒక సభ్యుడు: అన్నా, ఉల్బణం అంటే పిల్లలకి ఎట్టా తెలుస్తుంది? ‘పొంగు’ అంటే పోలా?

జవాబు: నాకూ పొంగే ముందు తోచింది తమ్ముడూ. కానీ పొంగిన పాలు దిగిపోతాయి. ఉల్బణం ఆగాక చోటు కుంచించుకుపోలేదు, వేగం తగ్గి సాగుతూనే వచ్చింది.

అదే సభ్యుడు: మరి ఎక్స్‌ట్రా డైమెన్షన్స్‌ని ‘అదనపు పరిమాణాలు’ అంటుండారే?

జవాబు: పరిమాణం అంటే ఎంత ఉందో చెప్పేది. ఘనపరిమాణం అని రోజూ వాడతాం. త్రిమితీయం అనే మాట ఉండనే ఉంది, కాబట్టి ‘అదనపు మితులు’ అంటే తేట. పొడవు, వెడల్పు, ఎత్తు కాక స్థలానికి ఇంకో మితి ఉండొచ్చని 1921లో కలూజా అనే గణిత శాస్త్రవేత్త రాశాడు. అది కనబడకపోవడానికి కారణం చాలా చిన్న వలయంగా చుట్టుకుని ఉండటమేనని 1926లో క్లైన్ అనే భౌతిక శాస్త్రవేత్త అన్నాడు. మూలకణాలన్నీ సన్నటి తీగల్లాంటివనే స్ట్రింగ్ సిద్ధాంతానికైతే కాలంతో కలిపి 10 మితులు కావాలి. ‘చుట్టుకున్న మితి’ అని పలికి చూడు, చక్కగా లేదూ? ‘చుట్టుకున్న పరిమాణం’ అంటే ఏం బోధపడుతుంది?