ఫైటోసార్‌ను తెలుగులో ఏమందాం? "మొక్కబల్లి" మాత్రం వద్దు

అందరికీ నమస్కారం. చెన్నైలో మా ఆదివారం తెలుగు బడి పిల్లలు "మన నేల మీద ఒకప్పుడు బతికినవి" అని అట్టల మీద బొమ్మలు వేస్తున్నారు. మా అమ్మాయి పారసూకస్‌ను ఎంచుకుంది. పాత ఆదిలాబాద్ జిల్లాలో మలేరి ఊరి వైపు ఎర్రమట్టి పొరల్లో దొరికిన జంతువు. 22 కోట్ల ఏళ్ల కిందటి మాట. చూడ్డానికి అచ్చం మొసలే. దాని కుటుంబాన్ని ఫైటోసార్లు అంటారు. గ్రీకులో ఫైటాన్ అంటే మొక్క, సారోస్ అంటే బల్లి అని ఎక్కడో చదివి, బొమ్మ కింద "మొక్కబల్లి" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. అసలు గ్రీకు పేరే పొరపాటున పుట్టింది. 1828లో జర్మనీలో యేగర్ అనే పండితుడికి కొన్ని దవడ ముక్కలు దొరికాయి. పళ్లు ఊడిన గుంతల్లో బురద చేరి రాయిలా గట్టిపడి ఉంది. ఆ మొద్దు ముద్దలనే ఆయన పళ్లనుకుని, ఇది ఆకులు నమిలే జంతువని తేల్చేశాడు. నిజానికిది వేటాడి తినేది. మలేరిలో దొరికిన రెండు పారసూకస్ అస్థిపంజరాల కడుపు భాగంలో మరో సరీసృపం ఎముకలు బయటపడ్డాయి. దానికి మలేరిసారస్ అని పేరు పెట్టారు. శాస్త్రంలో ముందు పెట్టిన పేరుదే హక్కు కాబట్టి అక్కడ ఫైటోసార్ నిలిచిపోయింది. మనం తెలుగులో ఇప్పుడే పెడుతున్నాం కదా, ఆ బురద మనకెందుకు? మంచి మాట చెప్పండి.

తిరుత్తణి మాస్టారు: "మొసలిపోలిక" అంటే సరిపోదా తల్లీ? పారసూకస్‌కు అర్థం కూడా దాదాపు అదే. పారా అంటే దగ్గర. సూకస్ అనేది ఈజిప్టువాళ్ల మొసలి దేవుడు సోబెక్ పేరుకు గ్రీకు రూపం.

నేను: వినడానికి బాగుంది మాస్టారూ. కానీ మనం "మేనమామ పోలిక" అంటాం. పోలిక అనగానే చుట్టరికం తోస్తుంది. ఇవి మొసళ్లకు పూర్వీకులు కావు. నీళ్లలో పొంచి ఉండి పట్టే బతుకు వల్ల వేరువేరుగా అదే రూపం వచ్చింది. ఇవేమో 20 కోట్ల ఏళ్ల కిందట వారసులు లేకుండా అంతరించిపోయాయి.

వేళచ్చేరి అక్క: పాపను ఒకసారి వడనెమ్మేలి మొసళ్ల బ్యాంకుకు తీసుకెళ్లు. ఘరియల్ ముక్కు ఎక్కడుందో చూడమను. సన్నటి పొడుగు మూతికి చిట్టచివర. మగదానికి అక్కడే కుండలాంటి బుడిపె ఉంటుంది, హిందీ వాళ్ల ఘడా నుంచే దానికా పేరు. ఫైటోసార్‌కు ముక్కురంధ్రాలు మూతి చివర ఉండవు, వెనక్కి జరిగి కళ్లకు కాస్త ముందు, పైన ఉంటాయి. ఆనవాలు అక్కడుంటే పేరు ఇంకెక్కడో వెతకడం దేనికి? "నొసటిముక్కు" అను.

నేను: అక్కా, ఎంత బాగా పట్టుకున్నావు! అయితే నొసలంటే కళ్లకు పైన కదా. ఇది కళ్ల ముందు. "కంటిముక్కు" అందామా?

తిరుత్తణి మాస్టారు: భేషైన మాట. కంటి దగ్గర ముక్కు గలది, బహువ్రీహి. ముక్కంటి, చలివెలుగు లాంటి సమాసమే. పిల్లలకు ఒక్కటి చెప్పు తల్లీ, ముక్కంటిలో ముక్కు లేదు, మూడు కన్నులున్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చెబితే సంధి దానంతటదే వస్తుంది.

ఆసిఫాబాద్ తమ్ముడు: అక్కా, మా దిక్కు దొరికిన జంతువు. జాతి పేరుల హిస్లాపి అని నాగపూర్ మిషనరీ హిస్లాప్ పేరు పెట్టిన్రు. మన మాటలనన్న మా ఊరి పేరు పోనియ్యకుండ్రి. కుటుంబానికి కంటిముక్కులు అనుండ్రి, దీనికి మలేరి కంటిముక్కు అనుండ్రి.

నేను: అలాగే తమ్ముడూ, అదే ఖాయం. "మొక్కబల్లి" మీద తెల్లకాగితం అంటించి "మలేరి కంటిముక్కు" అని రాసింది. కింద పారసూకస్ అని చిన్నక్షరాల్లో ఉంది. రాశాక కాసేపు బొమ్మ వంక చూసింది. ముక్కును మూతి చివర వేసిందట. ఇప్పుడు రబ్బరుతో చెరిపి కళ్ల దగ్గరికి జరుపుతోంది.