హ్యారీ పాటర్ చివరి పుస్తకం: పాపకు ఆ అడవి అధ్యాయం చదివి వినిపించాలి, మీరెలా తట్టుకున్నారు?

పున్నాగ:
మా పాపకు పదేళ్ళు. ఏడాదిన్నరగా రోజూ రాత్రి అన్నాలయ్యాక హ్యారీ పాటర్ చదివి వినిపిస్తున్నాను. ఇంగ్లీషులో ఒక పేరా చదువుతాను, అర్థం కాని చోట తెలుగులో చెబుతాను. ఇప్పుడు ఏడోది, చివరిది, డెత్లీ హాలోస్‌లో ఉన్నాం. నిన్న డాబీ, హ్యారీని కాపాడిన ఆ చిన్న ఎల్ఫ్, పోయాడు. పాప ఏడవలేదు. హ్యారీ మంత్రం వాడకుండా పార పట్టుకుని గొయ్యి తవ్వుతుంటే మాత్రం ఆపి, "మంత్రం వేస్తే నిమిషంలో అయిపోతుంది కదమ్మా, ఎందుకు తవ్వుతున్నాడు?" అంది. మా తాతయ్య పోయిన రోజు, మోసే మనుషులున్నా కట్టెలు మా నాన్నే మోశాడు. అది గుర్తొచ్చి గొంతు పూడుకుపోయింది. ఏమీ చెప్పలేకపోయాను.

ఇంకో వారంలో 33, 34 అధ్యాయాలు వస్తాయి. స్నేప్ మాస్టారి జ్ఞాపకాలు, ఆ వెంటనే హ్యారీ చావడానికే అడవిలోకి నడవడం. 2007లో నేను ఇంటర్ రెండో ఏడాది. అక్కడిదాకా చదివి, పుస్తకం మూసి, డాబా ఎక్కి చాలాసేపు కూర్చున్నాను. చదివినవాళ్ళెవరూ మా ఇంట్లో లేరు, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు. పాపకు నేనే వినిపించనా, తనను చదువుకోమని వదిలేయనా? మీరు మొదటిసారి చదివినప్పుడు ఎలా ఉందో చెప్పండి. కథంతా మాట్లాడుకోవచ్చు, పాప ఇది చూడదు.

మూడోముక్క:
మీరే వినిపించండి. ఒంటరిగా చదవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

2007 జూలై 21, శనివారం. నేను ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్నాను. పుస్తకం ధర 975 రూపాయలు. ఐదుగురం తలా 195 వేసుకున్నాం. డే స్కాలర్ ఒకడు సోమవారం క్యారేజీ సంచిలో అడుగున పెట్టి తెచ్చాడు. ఐదుగురికీ ఒకటే పుస్తకం, పైగా దొరికితే వార్డెన్ తీసేసుకుంటాడు. ఆ రాత్రి దాన్ని మంచం మీద బోర్లా పెట్టి, కొత్త బ్లేడుతో వెన్ను వెంబడి మూడు ముక్కలు చేశాం. బ్లేడు దిగుతుంటే జిగురు చిట్లిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. మొత్తం 607 పేజీలు, ఎవరికి ఏది వస్తే అది. చీటీలు వేస్తే నాకు మూడో ముక్క వచ్చింది.

నా ముక్క మొదలయ్యేసరికే డాబీ పోయాడు, అందరూ సముద్రం ఒడ్డున ఇంట్లో ఉన్నారు. ఎలా వచ్చారో తెలియదు. పదకొండు దాటాక బాత్రూమ్ బల్బు కింద నిలబడి చదివాను. హ్యారీ స్నేహితుడు రాన్ వాళ్ళన్న ఫ్రెడ్ పోయిన చోట గోడకు ఆనుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. పొద్దున స్టడీ అవర్‌లో మొదటి ముక్క వచ్చినవాడు హ్యారీ గుడ్లగూబ హెడ్విగ్ చచ్చిపోయిందని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ముందు ఏం రాబోతోందో నాకు తెలుసు. వాడికి చెప్పలేను, వాణ్ని చూస్తూ కూర్చోలేను. ఆ మూడు రోజులు నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.

ఉత్తరపుగాలి:
నేను అప్పుడు డాలస్‌లో చదువుకుంటున్నాను. అర్ధరాత్రి పుస్తకాల షాపు ముందు లైను, నల్ల గౌన్లలో పిల్లలు, వాళ్ళ పక్కన నిద్ర కళ్ళతో తల్లిదండ్రులు. అమెరికాలో మొదటి 24 గంటల్లోనే 83 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. విడుదలకు ముందే ఎవరో పేజీలన్నీ ఫొటోలు తీసి నెట్‌లో పెట్టేశారు. ఆర్కుట్ తెరవాలంటే టెన్షన్. నాలుగు రోజులు ఇంటర్నెట్ జోలికే పోలేదు. అంత జాగ్రత్త పడితే, చివరికి ఇండియా నుంచి ఫోన్ చేసిన మా కజిన్ "స్నేప్ మంచోడే అన్నా!" అని మాట మధ్యలో అనేశాడు. ఆ అధ్యాయం తెలియకుండా చదివే అదృష్టం నాకు దక్కలేదు. మీ పాపకు ఉంది. స్కూల్లో ఎవరూ చెప్పకముందే చదివేయండి.

వానాకాలం:
స్నేప్ మంచోడు అనే మాట దగ్గరే నాకు పేచీ. హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్‌కు ప్రపంచంలో అన్నిటికన్నా భయం ఎవరంటే స్నేప్. మూడో పుస్తకంలో, ఎదుటివాళ్ళ భయం రూపం ఎత్తే బోగార్ట్ ఆ పిల్లాడి ముందు స్నేప్ రూపంలోనే వస్తుంది. అమ్మానాన్నలు ఆసుపత్రిలో మతి లేకుండా పడివున్న పిల్లాడు వాడు. వాణ్ని ఏళ్ళ తరబడి క్లాసులో అవమానించిన మాస్టారు, చిన్నప్పుడు ఒకమ్మాయిని ప్రేమించాడు కాబట్టి గొప్పవాడైపోతాడా? నేను టీచర్‌ని. అలాంటి మాస్టార్ల దగ్గర చదువుకున్నాను కూడా. నాకు క్షమించబుద్ధి కాదు.

మూడోముక్క:
వానాకాలం గారూ, మంచి మాస్టారని నేనూ అనను. మా రూమ్‌లో ఒకడు ఆయన్ని కర్ణుడితో పోల్చేవాడు. నాకది కుదరలేదు. కర్ణుడు ఏ పక్షమో లోకమంతటికీ తెలుసు. స్నేప్ ఏ పక్షమో ఒక్క హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్‌కే తెలుసు. ఆ ఒక్కణ్నీ తన చేత్తోనే చంపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఏడాదంతా ఆయన్ని నమ్మే మనిషి ఒక్కడు లేడు. హ్యారీ చావాల్సిందే అని డంబుల్‌డోర్ చెప్పినప్పుడు, బలివ్వడానికే మేపావా ఈ పిల్లాణ్ని అని నిలదీసింది ఆయనే. నాకు అక్కడ ఆయన మీద కోపం పోలేదు గానీ, దాని పక్కన ఇంకోటి వచ్చి చేరింది.

తెనాలి టీచరమ్మ:
అమ్మా పున్నాగా, నాకు అరవై ఎనిమిదేళ్ళు. లెక్కల టీచర్‌గా రిటైరయ్యాను. మా అబ్బాయి అమెరికా వెళ్ళాక వాడి అలమారాలో ఈ ఏడు పుస్తకాలూ ఉండిపోయాయి. దుమ్ము దులపడానికి తీసి, పక్కన డిక్షనరీ పెట్టుకుని మొదలుపెట్టాను. ఏడూ పూర్తవడానికి రెండేళ్ళు పట్టింది.

మీరంతా స్నేప్ గురించి మాట్లాడుకుంటున్నారు. నేను డ్రాకో వాళ్ళమ్మ నార్సిస్సా దగ్గర ఆగిపోయాను. అడవిలో హ్యారీ పడిపోయాక, చచ్చాడో లేదో చూడమని హ్యారీ శత్రువు వోల్డెమార్ట్ ఆమెను పంపిస్తాడు. ఆమె వంగి, గుండె మీద చెయ్యి పెట్టి, కొట్టుకుంటోందని తెలుసుకుని, చెవిలో అడిగే మాట ఒక్కటే: డ్రాకో బతికే ఉన్నాడా, కోటలోనే ఉన్నాడా? ఉన్నాడు అనగానే లేచి, చచ్చిపోయాడని అందరి ముందూ అబద్ధం చెబుతుంది. ఆమెకు హ్యారీ ఏమీ కాడు, న్యాయం ధర్మం ఆ క్షణంలో ఆమెకు గుర్తే లేవు. కొడుకు కావాలి, అంతే. రాత్రి పదింటికి అది చదివి, అక్కడ టైమెంతో కూడా చూసుకోకుండా మా వాడికి ఫోన్ చేశాను. "ఏమైందమ్మా?" అన్నాడు కంగారుగా. "ఏం లేదురా, తిన్నావా?" అన్నాను.

ఇంకొకటి. హ్యారీకి పదిహేడు నిండినప్పుడు రాన్ వాళ్ళమ్మ మాలీ వాచీ ఇస్తుంది చూడండి, చనిపోయిన తన సోదరుడిది, వెనక సొట్ట పడింది. కొత్తది కొనే స్తోమత లేక కాదేమో అనిపించింది నాకు. అది మీ పాపకు చదివేటప్పుడు కొంచెం నిదానంగా చదవాల్సింది. దాటిపోయి ఉంటే వెనక్కి వెళ్ళి చదవండి.

కోఠి బస్టాండ్:
నేను ఒక విషయం ఒప్పుకోను. మధ్యలో హ్యారీ వాళ్ళు ఆ టెంటు వేసుకుని తిరగడం బోరు అని అందరూ అంటారు. నేను ఆ పుస్తకాన్ని 2009లో ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. అమీర్‌పేట హాస్టల్లో ఉద్యోగం లేకుండా ఎనిమిది నెలలు ఉన్నాను. ముగ్గురం ఒకే గదిలో, ఎక్కడ వెతకాలో తెలియదు, తిండి సరిగ్గా లేదు, చిన్నమాటకే గొడవ. ఒకడు సామాను సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. రాన్ వెళ్ళిపోయిన అధ్యాయం నేను ఆ వారంలోనే చదివాను. ఆ పేజీలు సాగదీసినట్టు ఎలా అనిపిస్తాయి నాకు? రాన్ మంచులో తిరిగొచ్చి హ్యారీని నీళ్ళలోంచి లాగుతాడు. మా వాడు మాత్రం తిరిగి రాలేదు.

చిలకపచ్చ:
పున్నాగ గారూ, మా అమ్మమ్మ సంగతి చెబుతాను, మీకు పనికొస్తుందేమో.

మాది కడప పక్కన పల్లె. 2007 దసరా సెలవులకు వెళ్ళినప్పుడు, కరెంటు పోయిన రాత్రుళ్ళు ఈ కథంతా అమ్మమ్మకు తెలుగులో చెప్పాను. హార్‌క్రక్స్ అంటే ఎలా చెప్పాలా అని నేను తంటాలు పడుతుంటే, "అదేముందిరా, మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు" అనేసింది. బాలనాగమ్మ కథ ఆవిడకు కొట్టిన పిండి. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలక, దాని మెడ విరిస్తే ఇక్కడ ఫకీరు కూలిపోతాడు. అప్పట్నుంచి హార్‌క్రక్స్ అనే మాటే మా ఇంట్లో లేదు. లాకెట్ ఒక చిలక, కప్పు ఒక చిలక, పాము ఒక చిలక. "ఇంకెన్ని చిలకలున్నాయిరా?" అని ప్రతి రాత్రీ లెక్క అడిగేది.

స్నేప్ జ్ఞాపకాల దగ్గరికొచ్చాం. వోల్డెమార్ట్ ప్రాణంలో ఒక ముక్క హ్యారీలోనే ఉంది అన్నాను. అమ్మమ్మ విసనకర్ర ఆపేసింది. "అయితే చిలక ఆ పిల్లోడేనా?" అంది. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మన కథలో చిలకను అడిగినోళ్ళెవరూ లేరు రా. పట్టుకున్నారు, విరిచేసినారు" అంది.

హ్యారీ ఎవరికీ చెప్పకుండా అడవిలోకి నడిచాడని చెప్పాను. అభిమన్యుడితో పోలుస్తుందేమో అనుకున్నాను. పోల్చలేదు. "బయటికి రావడం తెలియక చచ్చినోడు వాడు. వీడు రాలేనని తెలిసే పోతున్నాడు" అని, నన్ను దగ్గరికి తీసుకుని తల నిమిరింది. ఆ రాత్రి మిగతా కథ అడగలేదు. మర్నాడు మధ్యాహ్నం, పగలు కథ చెప్పకూడదని రోజూ అనే మనిషే, "చెప్పురా, ఆ పిల్లోడు ఏమైనాడు?" అని వచ్చి కూర్చుంది.

నా సలహా ఇదొక్కటే. 34 దగ్గర ఆపకండి. 35 కూడా అదే రాత్రి చదివేయండి.

వానాకాలం:
చిలకపచ్చ గారూ, నేను ఈ పుస్తకాలు ఐదుసార్లు చదివాను. చిలక వైపు నుంచి ఎప్పుడూ ఆలోచించలేదు.

నందివర్ధనం:
మొదటి పుస్తకం తెలుగులో "పరుసవేది" పేరుతో వచ్చింది. నేను దానితోనే మొదలుపెట్టాను, చివరిది మాత్రం ఇంగ్లీషులోనే చదివాను. పందొమ్మిదేళ్ళ తర్వాతి ఆ ఆఖరి అధ్యాయం గురించి ఎవరూ అనలేదేంటి? పందొమ్మిదేళ్ళ వయసులో చదివినప్పుడు పెళ్ళిళ్ళు, పిల్లలు, పేర్లు, అంతా అతికించినట్టుంది అని కోపమొచ్చింది. మొన్న మా బాబును కొత్త స్కూల్లో దింపి వచ్చి మళ్ళీ తెరిచాను. ఆల్బస్ భయపడుతుంటే, కొడుకు ముఖం తనకన్నా కొంచెం ఎత్తులో ఉండేలా హ్యారీ కిందికి కూర్చుని మాట్లాడతాడు. అప్పుడు నాకు ఆ వాక్యం ఉన్నట్టే గుర్తులేదు.

పున్నాగ:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి చదివాం.

టీచరమ్మ గారూ, వాచీ ఘట్టం ముందే మళ్ళీ చదివాను. పాప వాళ్ళ తాతయ్య పాత వాచీ తెచ్చి పక్కన పెట్టుకుంది.

33 దగ్గర పాప లేచి కూర్చుంది. చిలక మాట చెప్పాను. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "చదువు" అంది. అడవిలో హ్యారీ, చనిపోయినవాళ్ళను రప్పించే రాయి తిప్పితే వాళ్ళమ్మ, నాన్న, సిరియస్, లూపిన్ వస్తారు కదా, అక్కడ నా గొంతు వణికింది. పాప నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, తనే వేలు పెట్టి ఒక్కో వాక్యం చదివింది. వాళ్ళమ్మ కనిపించిన చోట ఆగి, "వచ్చిందిగా, ఇంక భయపడడులే" అంది.

34 అయ్యేసరికి పదకొండున్నర. పొద్దున స్కూలు. చిలకపచ్చ గారు చెప్పినట్టే 35 పేజీ తిప్పాం.