కారు షెడ్డు షట్టరు స్ప్రింగు: మనమే బిగించుకోవచ్చా, మిస్త్రీనే పిలవాలా?

కడప బండ:
ఇంటి ముందు కారు షెడ్డుకు షట్టరు. 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు, 18 గేజి పట్టీలు, చేత్తో ఎత్తేదే. ఇప్పుడు ఎత్తాలంటే ఇద్దరు కావాల్సి వస్తాంది. వీధిలో సగం మంది “పైపు పానా ఉంటే చాలు, ఒక చుట్టు బిగిస్తే సరిపాయ” అంటారు. మిగతా సగం “దాని జోలికి పోవద్దప్పా, చెయ్యి పోతాది” అంటారు. గ్యారేజీ తలుపు స్ప్రింగుకు కడ్డీలు గుచ్చి తిప్పే వీడియోలు యూట్యూబులో ఉన్నాయి. అవి మనకు పనికొస్తాయా?

కొండారెడ్డి బురుజు:
పనికిరావు, పైగా ప్రమాదం. అమెరికా గ్యారేజీ తలుపు పెద్ద పలకలుగా పట్టాల మీద జరిగి పైకప్పు కిందికి పోతుంది. స్ప్రింగు తలుపుపైన బయటికే కనబడుతుంది. దాని కొసన బిగించిన కోను అనే ఇనుప దిమ్మలో రంధ్రాలుంటాయి, వాటిలో రెండు కడ్డీలు మార్చి మార్చి పెట్టి పావు చుట్టు చొప్పున తిప్పుతారు. 7 అడుగుల తలుపుకు ఇంచుమించు 30 పావు చుట్లు. ఆ పనంతా తలుపు మూసి ఉంచి చేస్తారు.

మన షట్టరుది వేరే కథ. స్ప్రింగులు షట్టరు పైన చుట్టుకునే చుట్ట లోపల, పుల్లీల్లో ఉంటాయి. లోపలి కొస చుట్ట నడుమ పోయే పైపుకు, బయటి కొస పుల్లీకి తగిలించి ఉంటుంది. పైపు తిరగదు, రెండు వైపులా బ్రాకెట్లకు యూ క్లాంపులతో బిగించి ఉంటుంది. షట్టరు దించేకొద్దీ పుల్లీలు తిరిగి స్ప్రింగు బిగుసుకుంటుంది. అంటే షట్టరు నేలకు ఆనినప్పుడే స్ప్రింగులో బలమంతా ఉంటుంది. వీడియో చూసి షట్టరు మూసి క్లాంపు వదులు చేస్తే పైపు గిర్రున తిరుగుతుంది, పానా పట్టిన చేతిని వదలదు. అందుకే నా మాట ఒకటే: క్లాంపు నట్టు ముట్టుకోవద్దు.

ఆదోని పానా:
అన్నా, యంత్రం సంగతి సరిగ్గా చెప్పినారు, తీర్పు దగ్గరే నాకు పేచీ. షట్టరు పూర్తిగా పైకెత్తి చేస్తే స్ప్రింగులో మిగిలేది మొదట ఎక్కించిన బిగుతు మాత్రమే. మిస్త్రీలు చేసేదీ అదే. మనిషికి మనిషి తోడుంటే చేసుకోవచ్చు.

గడియార స్తంభం, అనంతపురం:
లెక్క వేద్దాం. 18 గేజి రేకు 1.2 మి.మీ. మందం, చదరపు మీటరుకు 9.4 కిలోలు. వంపులు, ఒకదాంట్లో ఒకటి దూరే అంచులు కలిపితే 12, 13 కిలోలకు పోతుంది. 10×8 అంటే 7.4 చదరపు మీటర్లు. అంటే పట్టీలన్నీ కలిసిన పరదా ఒక్కటే 90 కిలోల పైచిలుకు, ఇక కింది ప్లేటు అదనం. చుట్ట వ్యాసార్థం 11 సెం.మీ. అనుకుంటే, దించినప్పుడు స్ప్రింగులన్నీ కలిసి మోసేది దాదాపు 10 కిలోగ్రామ్-మీటర్ల తిప్పుబలం. రెండడుగుల పానా కొసన 17 కిలోలు. ఒక మనిషి పట్టగలిగిన బరువే.

కొండారెడ్డి బురుజు:
లెక్క సరే, కానీ దెబ్బ తగిలేది పట్టుకున్నప్పుడు కాదు, పట్టు మార్చేటప్పుడు. పానా తీసి మళ్లీ వేసే క్షణంలో పైపును ఎవరు పట్టుకుంటారు? తుప్పు పట్టిన పైపు మీద పానా పళ్లు జారితే? అదీ నిచ్చెన మీద, తల పైన చేతులెత్తి, కింద మీ ఊరి నున్నటి కడప బండ!

ఆదోని పానా:
అందుకే రెండు పానాలు. పద్ధతి ఇది:

షట్టరు పూర్తిగా ఎత్తండి. కింది ప్లేటుకు ఆనేలా రెండు గైడులకూ (పట్టీల అంచులు జారే పక్క గాళ్లకు) సీ క్లాంపులు బిగించండి, జారిపడకుండా. ఈ షట్టరుకు కింది ప్లేటు చివర్ల స్టాపర్లు ఉన్నాయో లేదో చూడండి. విరిగిపోయి ఉంటే పరదా గైడులోంచి బయటికొచ్చి చుట్టలోకి పోతుంది, అందుకని చుట్టను తాడుతో బ్రాకెట్టుకు కట్టాలి. కారు బయట పెట్టండి. నిచ్చెన కాళ్ల కింద తడిపిన గోనెసంచి. నిచ్చెన కంటే పరంజా బల్ల మేలు.

ఒక పానా పైపుకు వేసి, దాని పిడి గోడకో బ్రాకెట్టుకో ఆనేలా ఉంచండి. ఎటు వైపు ఆనాలి? యూ క్లాంపు వదిలితే పైపు షట్టరు దిగే వైపు తిరగబోతుంది, ఆ వైపే ఆనాలి. ఇప్పుడు పైపు పట్టిన రెండు యూ క్లాంపులూ వదులు చేయండి, నట్లు పూర్తిగా తీయొద్దు. రెండో పానాతో పైపును షట్టరు చుట్టుకునే దిక్కుకు పావు చుట్టు తిప్పి, మొదటి పానా మార్చి ఆనించి, యూ క్లాంపులు బిగించి, సీ క్లాంపులు తీసి, షట్టరు దించి చూడండి. చాలకపోతే షట్టరు మళ్లీ ఎత్తి ఇంకో పావు. ఏకంగా రెండు చుట్లు ఎక్కించేవాళ్లే స్ప్రింగులు తెంచేది.

ముఖం పానా పిడి తిరిగే దారిలో పెట్టొద్దు.

గడియార స్తంభం, అనంతపురం:
అసలు స్ప్రింగు వదులైందని ఎవరు తేల్చినారు? షట్టరును నడుము ఎత్తుకు లేపి, చెయ్యి దగ్గరే ఉంచి మెల్లగా వదలండి. అక్కడే నిలిస్తే స్ప్రింగు బాగుంది, బరువు గైడులో ఉంది. ధభాలున దిగితే వదులు. పైకి ఎగిరితే ఎక్కువ బిగుతు, అప్పుడు షట్టరు నేలకు ఆనదు, తాళం కడ్డీ రంధ్రంలో కూర్చోదు. ఒక పక్క ముందు లేచి వంకరగా పోతుంటే ఒక స్ప్రింగు తెగి ఉండొచ్చు. తెగినదాన్ని బిగించడమనేది లేదు. మిగతా వాటి మీద ఆ భారం వేస్తే అవీ తెగుతాయి. మార్చితే అన్నీ ఒకేసారి మార్చాలి, అది మాత్రం మిస్త్రీ పనే.

గైడు సంగతి: మన ఎర్రమట్టికి, తాడిపత్రి, బేతంచెర్ల దిక్కున పాలిష్ ఫ్యాక్టరీల బండపొడికి గైడు గొంతు దాకా నిండుతుంది. దాంట్లో గ్రీజు పూస్తే పొడి అంటుకుని సానరాయి లాగా పట్టీల అంచులను తినేస్తుంది. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, పల్చగా మైనం రుద్దండి. గ్రీజు ఏమన్నా ఉంటే పైన స్ప్రింగులకు. పట్టీల చివర క్లిప్పులు ఊడి, ఒకటి రెండు పట్టీలు పక్కకు జరిగి గైడును గీరుతున్నాయేమో కూడా చూడండి.

కడప బండ:
గైడులు తుడిచి చూసినా. కొంచెం తేలికైంది గానీ నడుము ఎత్తులో వదిలితే కిందికే వస్తాంది. వంకర లేదు. పైన చూస్తే పైపు మీదా బ్రాకెట్టు మీదా కలిపి గీసిన పాత ఎర్ర పెయింటు గీత ఉంది. ఇప్పుడు రెండు ముక్కలూ అరచేతి వెడల్పు ఎడమైనాయి.

కొండారెడ్డి బురుజు:
ఆ గీత ఉండడం మీ అదృష్టం. స్ప్రింగు అలిసిపోలేదు, క్లాంపు పట్టు సడలి పైపే మెల్లగా వెనక్కి జారింది. రెండంగుళాల పైపు చుట్టుకొలత 19 సెం.మీ. ఉంటుంది, అరచేయంటే ఎంత లేదన్నా పావు చుట్టు పైనే. ఇలాంటప్పుడు పైపు తిప్పి అవే క్లాంపులు బిగిస్తే మళ్లీ జారుతుంది.

ఆదోని పానా:
ఇక్కడ నేనూ ఒప్పుకుంటా. ముందు యూ క్లాంపులు మార్చండి. షట్టరు పైకెత్తి, సీ క్లాంపులు వేసి, పానా ఆనించి, ఒక వైపు యూ క్లాంపు తీసి కొత్తది వేసి గట్టిగా బిగించాకే రెండో వైపు తీయాలి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి వదలొద్దు. మరలు అరిగిన పాత నట్లు మళ్లీ వాడొద్దు, స్ప్రింగు వాషరు వేయండి. పైపును పాత గీత దాకా తిప్పే పని ఆ తరవాత.

కొండారెడ్డి బురుజు:
ఆ తిప్పే పని మాత్రం మిస్త్రీకే ఇవ్వండి. ఆయన వచ్చినప్పుడు రెండు పానాలతో వచ్చినాడా, షట్టరు ఎత్తి మొదలుపెట్టినాడా చూడండి. దించి ఉంచే క్లాంపు విప్పబోతే అక్కడే ఆపండి. బిగించాక కొత్త గీత గీయమనండి.